పిల్లల కడుపునొప్పికి మొదట ఏ స్కానింగ్?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఎలా ఉంటాయో, పంజాగుట్టలో స్కానింగ్ సెంటర్ల బోర్డులు అలా ఉంటాయి. హాస్టల్లో ఏ తమ్ముడికైనా కడుపునొప్పి వస్తే వెంట వెళ్ళేది సీనియర్లమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కాబట్టి ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఫోను నాకే వస్తుంది. "ఖర్చయినా పర్లేదు, పెద్ద స్కానింగే తీయించు" అంటారు. ఖరీదైన పరీక్షే మంచిదనే నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. పిల్లల్లో అపెండిసైటిస్ విషయానికి వస్తే అది సరికాదు.

అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న గొట్టం. అది వాస్తే అపెండిసైటిస్. 10 నుంచి 20 ఏళ్ళ వయసులో ఎక్కువ, అంటే సరిగ్గా మన హాస్టల్ వయసు. నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. అన్నం సహించదు, వాంతులు, కొద్దిగా జ్వరం. ఇలాంటప్పుడు ఆముదం తాగించకండి, విరేచనాల మాత్ర వేయకండి. అపెండిక్స్ పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు పొట్ట నొక్కి చూస్తారు, రక్తపరీక్ష రాస్తారు. ఇంకా అనుమానముంటే పిల్లలకు మొదట చేయవలసింది అల్ట్రాసౌండ్. గర్భిణులకు చేసేది ఇదే. "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అని బోర్డు పెట్టే గదిలోని మిషనే. ఇందులో ఉండేది శబ్ద తరంగాలు, రేడియేషన్ లేదు. ప్రోబ్‌తో మెల్లగా నొక్కుతూ చూసే పద్ధతిని 1986లో పుయ్‌లార్ట్ అనే డచ్ డాక్టరు వివరించారు. మామూలు అపెండిక్స్ నొక్కితే అణుగుతుంది. వాచినది అణగదు, సాధారణంగా 6 మిల్లీమీటర్ల కన్నా లావుగా కనిపిస్తుంది.

సీటీ అలా కాదు, అవి ఎక్స్-కిరణాలు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిగా ఇది నాకు ఇష్టమైన పాఠం కూడా. పెరిగే పిల్లల కణాలు ఆ కిరణాలకు తొందరగా దెబ్బతింటాయి, పైగా వాళ్ళకు ముందున్న జీవితం ఎక్కువ. యూరప్‌లో 9 దేశాల్లో సుమారు 9.5 లక్షల మందిని పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనం లెక్క ఇది: 10,000 మంది పిల్లలకు సీటీ తీస్తే, తర్వాతి 12 ఏళ్ళలో ఒకరిద్దరికి ఆ రేడియేషన్ వల్ల రక్త సంబంధ క్యాన్సర్ రావచ్చు. ఒక్క పిల్లవాడికి చూస్తే ఈ ప్రమాదం చాలా చిన్నదే. కానీ అవసరం లేనప్పుడు అదైనా ఎందుకు?

అల్ట్రాసౌండ్‌కూ లోపాలున్నాయి. పేగుల్లో గ్యాస్ అడ్డొస్తుంది, చేసేవారి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. "అపెండిక్స్ కనబడలేదు" అని రిపోర్టు వస్తే జబ్బు లేదని కాదు. అప్పుడు ఆసుపత్రిలోనే ఉంచి కొన్ని గంటల తర్వాత మళ్ళీ పరీక్షిస్తారు. ఎంఆర్ఐలోనూ రేడియేషన్ లేదు గానీ ఖర్చెక్కువ, పిల్లలు కదలకుండా పడుకోవాలి. అప్పటికీ తేలక డాక్టరు సీటీ కావాలంటే మాత్రం వద్దనకండి. అపెండిక్స్ పగలడం సీటీ కన్నా చాలా పెద్ద ప్రమాదం.

మనం అడగవలసినవి రెండే. "సార్, ముందు అల్ట్రాసౌండ్ చేస్తే తెలుస్తుందా?" సీటీ తప్పదంటే, "పిల్లల డోసు పెడతారు కదా?" చదువుకున్నవాళ్ళం, అడగడానికి మొహమాటం ఎందుకు?

మన ఏరియాకు దగ్గర్లో పిల్లల ప్రభుత్వ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్. నొప్పి ఎక్కువైతే వార్డెన్ గారికి చెప్పి 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకండి.