పలుగు పట్టే ముందు... పెన్సిల్ పట్టాలి!

సొంతూళ్లో ఎకరమో అరెకరమో ఉంటుంది. ఉద్యోగం మాత్రం పట్నంలో. పొలం అమ్మేయడానికి మనసొప్పదు. ఉద్యోగం మానేసి ఊరెళ్లడానికి ధైర్యం చాలదు. అలాంటివాళ్లకి వారాంతాల్లో నేర్చుకోగలిగే చదువొకటుంది... పర్మాకల్చర్ డిజైన్. అక్కడ మొదట నేర్పేది దున్నడం కాదు, చూడటం!

'మీ పొలంలో వాన నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతాయి?'

మొదటి శనివారం, మొదటి ప్రశ్న. తరగతిలో ఇరవై మందిమి ఉన్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, టీచర్లు, బ్యాంకు నుంచి రిటైరైన ఓ పెద్దాయన... అందరం పక్కవాళ్ల మొహాలు చూశాం. జవాబు నాకూ తెలీదు. సంగారెడ్డి జిల్లాలో మాకు ఎకరం చెల్క ఉంది. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వేయించడమా, అమ్మేయడమా అని నాన్న ఏడాదిగా మథనపడుతున్నారు. కథనం రాద్దామని వెళ్లినదాన్ని కాస్తా, ఆ ప్రశ్నతో విద్యార్థినిగా కూర్చుండిపోయాను.

టాస్మానియా నుంచి జహీరాబాద్‌కి...

ఎప్పటికీ నిలిచి ఉండే సేద్యం... పర్మాకల్చర్ అనే మాటకి స్థూలంగా అర్థం అదే. ఆస్ట్రేలియాలోని టాస్మానియాకి చెందిన బిల్ మోలిసన్, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడు డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి 1978లో ఈ ఆలోచనని పుస్తకంగా తెచ్చారు. అడవికి ఎవరూ నీళ్లు పెట్టరు, ఎరువు వేయరు. అయినా పచ్చగానే ఉంటుంది. పొలాన్నీ అలా ఎందుకు తీర్చిదిద్దకూడదన్నదే వాళ్ల ప్రశ్న. భూమిని కాపాడుకో, మనుషుల్ని చూసుకో, మిగిలింది పంచుకో... ఈ మూడే మూల సూత్రాలు.

1980ల్లో మోలిసన్ మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పారు. ఆ విత్తనం మొలకెత్తిన తొలి చోట్లలో జహీరాబాద్ ప్రాంతం ఒకటి. అక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ విధానంలో క్షేత్రాన్ని పెంచింది. తర్వాత కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 'అరణ్య' సంస్థ ద్వారా ఇక్కడి రైతులకీ బయటివాళ్లకీ నేర్పుతూ వచ్చారు. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ తర్వాత దేశదేశాల ప్రతినిధులు జహీరాబాద్ దగ్గరి బిడకన్నె పొలంలో సమావేశమయ్యారు.

ఆరు వారాలు... 72 గంటలు

ఈ కోర్సుకి ప్రపంచమంతటా పాటించే లెక్క 72 గంటలు. ఎక్కువచోట్ల రెండు వారాలు అక్కడే ఉండి నేర్చుకోవాలి. సెలవు దొరకనివాళ్ల కోసం కొన్నిచోట్ల శని, ఆదివారాలకి సర్దుతారు. రోజుకి ఆరు గంటల చొప్పున ఆరు వారాలైతే లెక్క సరిపోతుంది.

రెండో వారం నీటి పాఠం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసే చోట ఎకరం మీద పడేది 32 లక్షల లీటర్ల పైమాటే! అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు 650. అందులో ఎంత నిలుపుకుంటున్నాం, ఎంత వాగు పాలు చేస్తున్నాం అన్నదే అసలు సంగతి.

ఆ నీటిని ఆపడానికి నేర్పే పరికరం ఖరీదు దాదాపు సున్నా. రెండు కర్రలు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైనుంచి దారానికి రాయి వేలాడదీయడమే. రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉంటే దారం అడ్డకర్ర మీది గుర్తు దగ్గర నిలుస్తుంది. అలా అడుగడుగునా మట్టం చూసుకుంటూ, వాలుకి అడ్డంగా గుర్తులు పెట్టుకుపోవాలి. వాటి వెంట కందకం తవ్వి, మట్టిని పల్లం వైపు గట్టుగా పోయాలి. పరుగెత్తే నీళ్లు అందులో ఆగి ఇంకుతాయి. గట్టు మీద చెట్లు ఆ తేమ తాగి పెరుగుతాయి.

తర్వాత ఏది ఎక్కడ పెట్టాలన్న లెక్క. రోజూ కోసుకునే కరివేపాకు, ఆకుకూరలు గుమ్మానికి దగ్గరగా. కోళ్లు, పండ్ల చెట్లు ఆ తర్వాత. జొన్న, కంది లాంటి పంటలు ఇంకాస్త దూరం. కలప, వంటచెరకు ఆపైన. చిట్టచివర మనం చెయ్యే పెట్టకుండా వదిలేసే అడవి ముక్క. వింటుంటే అమ్మమ్మ పెరడు గుర్తొచ్చింది. స్నానాల నీళ్లు పోయే చోట అరటి, చేమ వేసిన ఆవిడ ఏ డిజైనూ చదవలేదు మరి!

నాన్నే మాస్టారు

చివరి వారాల్లో ఎవరి పొలానికి వాళ్లు పటం గీయాలి. ఎండ, గాలి, నీరు, మట్టి, పశువులు నడిచే దారి... అన్నీ గుర్తించాలి. ఆ ఆదివారం కర్రలు పట్టుకుని ఊరెళ్లాను. నాన్న నవ్వారు.

''గా కట్టెలతోని ఏం కొలుస్తవు బిడ్డా? నన్నడుగు. నీళ్లు యాపచెట్టు కాడ మర్రి, గా మూలకు గండి కొడ్తయి. నా చిన్నప్పటి సంది గంతే.''

కర్రలతో మట్టం చూస్తే వాలు ఆ మూలకే దిగుతోంది! పశ్చిమ గాలి ఏ నెలలో జోరుగా వీస్తుందో, ఏ తావులో మట్టి పలుచనో కూడా ఆయనే చెప్పారు. ముప్ఫయ్యేళ్లలో ఆ పొలం గురించి మేం అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

జూన్‌కి ముందే వేపచెట్టు పైభాగాన ఒక కందకం తవ్వించాం. తొలి పెద్దవానకి నిండింది. మర్నాటికల్లా ఇంకిపోయింది. అంతమాత్రాన ఎండిన బోరు తిరిగి పోయదు. జామ కాపుకి రెండు మూడేళ్లు, మామిడి అంటుకి నాలుగైదేళ్లు ఆగాల్సిందే. సర్టిఫికెట్ చూసి భూమి పండదు కూడా. అందుకే ముందు చిన్న ముక్కలో మొదలుపెట్టండి, ఉద్యోగం అప్పుడే మానకండి అని తరగతిలో మరీమరీ చెప్పారు.

నాన్న మాత్రం బేరగాడికి ఫోన్ చేసి ఒకటే మాట చెప్పారు.

''ఈ ఏడు అమ్మ. వచ్చే వానకాలం సూద్దాం!''

పిల్లలతో చేయించండి!

* గాజు సీసాలో మూడో వంతు మీ పెరటి మట్టి వేయండి. మిగతాది నీళ్లతో దాదాపు నింపి, మూత పెట్టి బాగా కుదిపి కదలకుండా ఉంచండి.

* ఇసుక నిమిషాల్లో అడుగుకి చేరుతుంది. మెత్తటి ఒండ్రు కొన్ని గంటల్లో పేరుకుంటుంది. బంకమన్ను తేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

* పొరల మందాన్ని స్కేలుతో కొలవండి. ఇసుక ఎక్కువైతే నీరు త్వరగా జారిపోతుంది, బంక ఎక్కువైతే నిలిచిపోతుంది. రెండింటికీ మందొకటే... పశువుల ఎరువు, ఆకులలములు!