వేరు త్రవ్వెడి మూలికలు - మెట్టరైతులు చేయదగిన పని

చింతలపూడికి ఈశాన్యముగా జంగారెడ్డిగూడెము, బుట్టాయిగూడెము దాటి పోయినచో పోలవరపు మన్నెపు కొండలు వచ్చును. మన మెట్టగ్రామములలో నాటువైద్యులును, పశువులకు మందిచ్చువారును తరతరములుగా వాడిన మూలికలలో పెక్కు ఆ కొండలనుండి దిగినవియే. నేలవేము, పొడపత్రి, సుగంధిపాల మొదలగునవి మాత్రము మన పొలముల గట్లమీదను, బంజరులయందును గూడ దొరకుచుండెడివి. బంజరులు జీడిమామిడి తోటలును, ఆయిలుపామ్ తోటలును అయినవి, గట్లు సన్నగిల్లినవి, కలుపుమందులు వచ్చినవి. నేడు పిడికెడు నేలవేము కావలెనన్నను అంగడికి పోవలసివచ్చుచున్నది.

మూలికలన్నియు నొక్కతీరున అపాయములో లేవు. ఆకు కోసినచో మొక్క మరల చిగిర్చును. కరక్కాయ, ఉసిరిక, కుంకుడు రాలినవి ఏరుకొనువారివలన చెట్టునకు చేటు లేదు. కొమ్మలు నరికి ఏరువారివలననే చేటు. వేరు త్రవ్వినచో మాత్రము మొక్కయే పోవును. అగరువత్తుల పరిశ్రమకై నరమామిడి చెట్టు బెరడును చుట్టును ఒలుచుటయు నట్టిదే. ఒలిచిన చెట్టు నిలిచియే యెండును.

వేరుమూలికలలో ముందు చెప్పవలసినది పాతాళగంధి. దీనినే సర్పగంధి యందురు. పాము కాటునకును, ఉన్మాదమునకును మనవారు దీని వేరును వాడుచుండిరి. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరునుండి సారములను వేరుచేసెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఇది రక్తపుపోటును తగ్గించునని ఆంగ్లదేశపు వైద్యపత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు రసాయనజ్ఞులు రిజర్పిన్ అను మందును దీనినుండి తీసిరి. అంతట లోకమంతయు మన అడవులమీద పడినది. 1969లో భారతప్రభుత్వము ఈ వేళ్ల ఎగుమతిని నిషేధింపవలసివచ్చినది. 1990లో అంతర్జాతీయపు ఒడంబడికలోను ఈ మొక్కను చేర్చిరి. ఇరువది యేండ్లలోపల ఒక మందుమొక్క కీర్తియే దానికి మృత్యువైన కథ యిది.

ఇప్పుడు దీనికి తోడు శీతోష్ణస్థితి మారుచున్నది. మన సంఘసభ్యులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. 2023 ఆగస్టులో దేశమున కురిసిన వాన, 1901 మొదలు లెక్కలలోని ఆగస్టులన్నిటిలోను తక్కువ. ఆ డిసెంబరులోనే మిచాంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని ముంచినది. 2024 జూలైలో అశ్వారావుపేట వద్ద పెద్దవాగు కట్ట తెగి వేలేరుపాడు గ్రామములు నీట మునిగినవి. పైరు పోయినచో మనము మరల విత్తుదుము. అడవిమొక్కకు మరల విత్తువారెవరు? మృగశిరలో మొలచిన చిన్నమొక్క ఆగస్టు బెట్టకు మాడిపోవును. నేలలో ముదురువేరున్నచో తరువాతి వానకు అదియే చిగిర్చి వంశమును నిలుపును. త్రవ్వకము, బెట్ట రెండును కలసినచోట మిగులునది విత్తనము మాత్రమే. పాతాళగంధి విత్తనము సరిగా మొలవదు, పెక్కునాళ్లు నిలువయుండదు. కావున కరవువలన కలిగెడి నష్టము త్రవ్వినచోట్లనే హెచ్చు.

అడవిలో నివసించువారు ఈ చిక్కును కొంత విప్పిరనుట మనకు ఉత్సాహకరము. విశాఖపట్టణమున 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనెడి సరకులలో తపసిబంక యొకటి. పూర్వము బంకకై గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టెడివారు, చెట్లు చచ్చెడివి, బంకలో బెరడు, మట్టి చేరి ధర పడిపోయెడిది. పిమ్మట కోవెల్ ఫౌండేషన్ వారు చిన్న కత్తితో పైపై గాటు పెట్టి, గాటునకు గాటునకు ఎడముంచి, బంకను శుభ్రముగా తీసి ఆరబెట్టు విధమును గిరిజనులకు నేర్పిరి. చెట్టు బ్రతికినది, మేలురకపు బంకకు మేలుధర వచ్చినది. చెట్టును కాపాడవలెనని యెన్ని ఉపన్యాసము లిచ్చినను రాని ఫలము, తూకము వద్ద రకము విడదీసి ధర కట్టుటతో వచ్చినది. సహకారసంఘము వారికి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

మనము అడవికి పోయి వేళ్లు తెచ్చి నాటుట తగదు. 2006 అటవీహక్కుల చట్టము ననుసరించి చిల్లర అటవీఫలములపై హక్కు అచ్చటి గిరిజనులది. పాపికొండల జాతీయవనమునుండి ఏమియు తీయరాదు. నారు నమ్మకమైన నర్సరీనుండి తేవలెను. 2000 సంవత్సరమున ఏర్పడిన జాతీయ ఔషధమొక్కల బోర్డు ఇట్టి సాగునకు తోడ్పడుటకై యున్నదే.

పాతాళగంధి కొంచెము నీడను, తేమను కోరును. నీరు నిలుచుట కూడదు. మన ఆయిలుపామ్ తోటలు ఎకరమునకు 57 చెట్ల చొప్పున వేసినవి. చెట్ల నడిమి చోటులో ఒకటి రెండు సెంట్లలో దీనిని పరీక్షింపవచ్చును. ఆయిలుపామ్ వేళ్లు పైపైననే యుండును గనుక చెట్టు పాదులలోనికి మాత్రము పోరాదు. విత్తనమును ఒకదినము నీట నానవేసి, తేలినవి పారవేసి, మేనెలలో నారుపోసి, జూలైలో మూరెడు ఎడముగా నాటవలెను. వేరుముక్కలతోను వచ్చును. ఏడాదిన్నర పిదప, ఆకు రాలిన డిసెంబరులో త్రవ్వవలెను. సారములో అధికభాగము వేరు బెరడులోనే యుండును గాన కడుగునప్పుడు బెరడు ఊడకుండ చూడవలయును. తెలియక గీకి శుభ్రము చేసినవాడు మందును పారవేసి కట్టెను అమ్ముకొన్నట్లే. ఈ వేరును వైద్యుని సలహా లేక ఎవరును తినరాదు. రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును.

అమ్మకము సంగతి ముందే చూచుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట సఫేద్ ముస్లి పేరిట లక్షలు వచ్చునని చెప్పి విత్తనపు దుంపలు అధికధరకు అంటగట్టి, పంట వచ్చునప్పటికి కనబడకుండపోయిన వర్తకులను రైతులెరుగుదురు. నారు అమ్మువాడే పంట కొందునన్నచో అనుమానించుట మేలు. ఒక్కొక్క రైతు వద్ద ఐదారు కిలోల వేరుండిన కొనువాడు రాడు. సంఘము గిడ్డంగిలో ఒకచోట ఆరబెట్టి, రకము విడదీసి, పది గ్రామముల సరకు కలిపినచో బేరమాడుటకు బలముండును. 2023లో ప్రాథమిక సంఘములకు కేంద్రము పంపిన నమూనా నిబంధనలలో ఇరువదియైదునకు పైగా వ్యాపారములకు వీలు కల్పించిరి. సాగుచేసిన మూలికయని పంచాయతీలోని జీవవైవిధ్య సంఘము నుండి పత్రము తీసికొనుటయు మరువరాదు. అడవిసరకుతో కలసినదను అపవాదు రాకుండును.

వేరుసాగునకు జంకువారు నేలవేముతో మొదలుపెట్టవచ్చును. తొలకరికి ముందు నారుపోసి జూలైలో నాటినచో మూడు నాలుగు నెలలకు పూతకు వచ్చును. పూత మొదలుకాగానే కోసి నీడను ఆరబెట్టవలెను. ఆలస్యమైనచో చేదు తగ్గును. గట్టువైపు రెండు వరుసలు కోయక విడిచినచో అవి కాయలుగట్టి విత్తనమిచ్చును. ఆ విత్తనమును కాయలు పగులకముందే, ప్రొద్దుటి మంచులో కోసికొనవలెను.