ప్రొద్దుటి యాహారము: ఓట్సు, రాగులు

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము పట్టణముల యంగళ్లలో నేడు ఓట్సు పొట్లములు విరివిగా దొరకుచున్నవి. వైద్యుడు చెప్పెననియో, పొరుగువారు తినుచున్నారనియో కొనుచున్నారు. ఆ యిండ్లలోనే రాగిపిండి డబ్బా మూలకు జరుగుచున్నది. ఈ మార్పునుగూర్చి సోదరీమణులతో నించుక ముచ్చటింప దలచితిమి.

ఓట్సు చలిదేశముల ధాన్యము. స్కాట్లండులోని పేదలు దానిని నీళ్లలో నుడికించి, ఉప్పువేసికొని తరతరములుగా తినుచు వచ్చిరి. మన యంబలికి అది దూరపు చుట్టమే! మన దేశమున దానిని ముఖ్యముగా పశుగ్రాసమునకై పండింతురు. అంతమాత్రమున అందు గుణము లేదనరాదు. అందలి జిగురుపీచు, అనగా బీటా గ్లూకాన్, రక్తములోని కొలెస్టరాలును తగ్గించును. ఈ సంగతిని పొట్లములపై అచ్చువేసికొనుటకు అమెరికా ప్రభుత్వము 1997లో అనుమతించెను. అయితే దినమునకు 3 గ్రాముల పీచు కావలెను. అందులకు ఇంచుమించు 75 గ్రాముల ఓట్సు తినవలెను. రెండు చెంచాలు పాలలో కలిపికొన్న ఫలమేమి?

ఇక రాగులు. హిందూపురము దాటిన కన్నడదేశమున ముద్దె, ఇవతల మన సంగటి, రెండును ఒకటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి 100 గ్రాముల రాగులలో కాల్షియము 364 మిల్లీగ్రాములు. ఓట్సులో అది సుమారు 50 మాత్రమే. ఎదుగు బాలికకు, చూలాలికి, బాలింతకు, ఎముకలు పలుచబడు అత్తగారికి ఇది చిన్న భేదము కాదు. పీచునందును రాగులు తీసిపోవు. మాంసకృత్తులు మాత్రము ఓట్సులో 13 గ్రాములుండగా రాగులలో 7 గ్రాములే. ఆ కొరతను మన వేరుసెనగల ఊరుబిండి చక్కగా తీర్చును. చక్కెరవ్యాధి గలవారు మాత్రము బెల్లము కలిపిన పలుచని జావను గ్లాసులకొలది త్రాగరాదు. అది త్వరగా జీర్ణమై రక్తమున చక్కెరను పెంచును. వారికి కూరతోడి సంగటి మేలు, అదియు మితముగా.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కనబడెను. ఓట్సు భర్తకు, పాలు పిల్లలకు పెట్టి, తాను పది గంటలదాక వట్టి కాఫీతో నుండు ఇల్లాలు మన యూళ్లలో నరుదా? మగ్గము కడ కండెలు చుట్టుచు ఆకలి మరచువారు లేరా? రాగులలో ఇనుము కలదు. కాని గింజలోని ఫైటేటు దానిని పట్టియుంచును. రాగులను నానవేసి, మొలక కట్టించి, ఎండబెట్టి విసరించినచో ఆ పట్టు సడలును. రాత్రి పులియబెట్టిన యంబలియు నట్టిదే. అందు నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము మరికొంత వంటబట్టును. కాఫీ, టీలు దానికి అడ్డుపడును గనుక అంబలి త్రాగిన గంటకు గాని వాని జోలికి పోరాదు.