ఊరికొక చరిత్ర

ఇంగ్లండు, వేల్సు దేశములలో పారిష్ అనగా ఒక చర్చియు, దాని నాశ్రయించియున్న ఊరును. అచ్చటి ప్రజాజీవనమునకు చిరకాలము అదియే ఆధారము. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రియగు థామస్ క్రాంవెల్, ప్రతి పారిష్‌లోను బాప్టిజములను, వివాహములను, ఖననములను ఒక పుస్తకమున వ్రాసియుంచవలెనని ఉత్తరువు చేసెను. నాటినుండి కూలివాని కూతురి పెండ్లి సైతము చరిత్ర కెక్కినది. 1899లో విక్టోరియా రాణి పేర ఆరంభమైన కౌంటీ చరిత్రల రచన నేటికిని పారిష్ వెంట పారిష్‌గా సాగుచునే యున్నది. నికొలస్ పెవ్స్నర్ అను పండితుడు 1951 మొదలు 1974 వరకు, కొందరి తోడ్పాటుతో, ఇంగ్లండులోని కట్టడములను ఊరూర పరిశీలించి 46 సంపుటములలో వర్ణించెను.

ఇట్టి ప్రయత్నము తెలుగునాట జరుగలేదనుట పొరపాటు. కర్నల్ కాలిన్ మెకంజీ పూనికతో, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల శ్రమతో, గ్రామ కైఫీయతులు సేకరింపబడినవి. ఊరి పేరు ఎట్లు వచ్చినది, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి అను విషయములను కరణములు చెప్పగా వ్రాసికొనిన వృత్తాంతములవి. పిదప బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించి భద్రపరచెను. అయితే అవి ప్రధానముగా కడప, గుంటూరు మొదలగు సీమల గ్రామములకు చెందినవి. తెలంగాణమున ఆ కొరతను కొంత తీర్చినది లక్ష్మణరాయ పరిశోధక మండలి. 1935లో అది ప్రకటించిన 'తెలంగాణా శాసనములు' అను సంపుటము ఈ నేల చరిత్రకు గట్టి పునాది.

ఇక హైదరాబాదునకు పడమట నున్న లింగంపల్లి సంగతి చూతము. 1974లో ఈ చేరువను విశ్వవిద్యాలయము వెలసినది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ లేచినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలకము గ్రేటర్ హైదరాబాదులో లీనమైనది. ఈ ప్రాంతమునకు చరిత్రయే లేదనియు, అంతయు నిన్న మొన్నటి నిర్మాణమే యనియు క్రొత్తవారు తలచుటలో వింత లేదు. కాని ఊళ్ల పేర్లే వారికి బదులు చెప్పును. శేరి యనగా ప్రభువుల స్వంత సేద్యములో నుండిన భూమి. గచ్చిబౌలి యన గచ్చు చేసిన దిగుడుబావి. మనము దినదినము బస్సు పలకలపై చదువు ఈ మాటలలో పాత పన్నుల పద్ధతియు, నీటి వసతియు దాగియున్నవి.

ఈ నేలకు సాహిత్యముతోను సంబంధము కలదు. లింగంపల్లికి కొలది మైళ్ల దూరమున అమీన్‌పూర్ అను ఊరును, దాని చెరువును కలవు. ముంబయి బాటను రామచంద్రపురము దాటి సాగినచో పటాన్‌చెరువు వచ్చును. చాళుక్య శాసనములలోని పొట్టలకెరె ఇదియేనని చరిత్రకారులు గుర్తించిరి. ఇచ్చట దొరకిన జైన విగ్రహములు ఊరి ప్రాచీనతకు సాక్ష్యములు. 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున ఇచ్చట అధికారిగా నుండిన వాడు అమీనుఖాను. అమీన్‌పూర్ అతని పేరనే వెలసినది. అతని సమాధి పటాన్‌చెరువులో నున్నది.

ఈ అమీనుఖానునకే పొన్నగంటి తెలగనార్యుడు తన 'యయాతి చరిత్ర'ను అంకితము చేసెను. సంస్కృత సమములైన మాటలను విడిచి అచ్చతెనుగున వ్రాయబడిన మొదటి కావ్యమిది. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను పుచ్చుకొనిన మల్కిభరాముడు ఈ ఇబ్రహీమే. తెలుగు నుడికారమునకు పట్టము గట్టిన కావ్యమును ఒక ముసల్మాను అధికారి ఆదరించి కృతి నందుట మన సంస్కృతిలో ఎంతటి ఘట్టమో వేరుగ చెప్పనక్కరలేదు. తరగతి గదులలో ఈ కావ్యము పేరు చెప్పుదుము. పరీక్షలలో ప్రశ్న వేయుదుము. కాని కృతిభర్త సమాధి లింగంపల్లినుండి గంట ప్రయాణమైన లేని చోట నున్నదని ఎందరు విద్యార్థులకు తెలియును?

అమీన్‌పూర్ చెరువు సైతము కుతుబ్ షాహీల నాటిదే యందురు. పక్షులకు, మొక్కలకు ఆశ్రయమైన సుమారు 93 ఎకరముల ఈ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. దేశమున నగరపు చెరువునకు ఇట్టి గౌరవము లభించుట అదియే ప్రథమము. సంతోషమే. పక్షులను బట్టి చెరువునకు గౌరవము కలిగినది. కావ్యమును బట్టి ఊరికి కలుగవలసియున్నది. చెరువు, సమాధి, కావ్యపీఠిక ఈ మూడును ఒకే చరిత్రలోని మూడు పుటలు. మూడింటిని ఒకచోట కుట్టిన పుస్తకము ఊరివారి చేతిలో నుండవలెను.

రాజమందిరము లేని ఊరికి చరిత్ర ఏమని కొందరందురు. పారిష్ చరిత్రలలో చాలభాగము రాజమందిరములు లేని ఊళ్లవే. ఒక గంటస్తంభము, ఒక వంతెన, ఒక ధాన్యపు కొట్టము అచ్చట గ్రంథమున కెక్కినవి. మన గుడి, మసీదు, దర్గా, చెరువు తూము, బురుజు, ఊరడుగు బావి అంతకంటె తక్కువవి కావు. తెలంగాణమున 1954-55 నాటి ఖాస్రా పహాణీలలో ప్రతి సర్వే నంబరు వివరమును లిఖింపబడియున్నది. భూమి తగవులకే వానిని వెదకుచున్నాము, చరిత్రకును వెదకవచ్చును.

పని పెద్దదేమియు కాదు. ఒక్కొక్క కళాశాల తన చుట్టునున్న ఐదారు ఊళ్లను ఎన్నుకొనవచ్చును. ఊరి పేరు, చెరువు కథ, పూజాస్థలములు, శాసనమున్నచో దాని అచ్చు, వృద్ధులు చెప్పిన మాట, పాత కట్టడముల కొలతలు, ఛాయాచిత్రములు, ఇవి చేర్చిన ఒక చిన్న పుస్తకము చాలును. విన్నదానిని విన్నదిగను, చూచినదానిని చూచినదిగను వేరుపరచి వ్రాయుట మాత్రము మరువరాదు. ఆ పుస్తకము ఒక ప్రతి బడిలోను, ఒక ప్రతి గ్రంథాలయములోను ఉండవలెను.

జాగు చేసినకొలది నష్టము మనదే. పొలములు పోయి మేడలు వచ్చుట కాలధర్మము. దానిని ఆపుట మన తరము కాదు. కాని పొలము పేరు, బావి పేరు, వానిని ఎరిగిన వృద్ధుని మాట పోయినచో మరల కొనుటకు దొరకవు. నాడు కైఫీయతులు వ్రాయించినది ఒక విదేశీయుడు. నేడు లింగంపల్లి కైఫీయతును వ్రాయవలసినది లింగంపల్లి వారే.