దేవనహళ్ళి గగనంలో వేటపక్షులు: టెలిఫోటో లెన్సు నేర్పే దూరం

బెంగళూరు నగరానికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న దేవనహళ్ళి టిప్పు సుల్తాన్ జన్మస్థలంగానూ, చక్కోత పండ్లకు పేరెన్నికగన్న ఊరుగానూ ప్రసిద్ధి. 2008 మే నెలలో ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఈ ఊరి ఆకాశంలో విమానాలదే సందడి. అయితే అంతకు ఎన్నో తరాల ముందు నుండి ఆ ఆకాశాన్ని ఏలుతున్నవి గద్దలు, డేగలు. హిందూపురం, అనంతపురం ప్రాంతాల నుండి రోడ్డు మార్గాన సులువుగా చేరుకోగలిగిన ఈ పరిసరాలు పక్షి ఛాయాచిత్రకారులకు మంచి పాఠశాల వంటివి.

ఎక్కడ ఏ పక్షి?

ఊళ్ళ పైన, చెరువుల పైన నిత్యం కనిపించేది మామూలు నల్ల గద్ద. చీలిన తోక దాని గుర్తు. తెల్లని తల, ఇటుక రంగు రెక్కలు గలది గరుడ పక్షి. తోటలలో పిట్టలను, తొండలను వేటాడేది జాలె డేగ. రాగి చేల మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నేల మీది ఎలుకను చూసి కిందికి దిగే తెల్లని చిన్న పక్షిని తెలుగువారు అడవి రామదాసు అన్నారు. పెన్నా నదికి పుట్టినిల్లయిన నంది కొండలు ఇక్కడికి చేరువలోనే, 1,478 మీటర్ల ఎత్తున ఉన్నాయి. రాతి చరియల వద్ద పైకి లేచే గాలి మీద పెద్ద డేగలు తేలియాడుతుంటాయి. శీతకాలంలో మధ్య ఆసియా నుండి పిల్లి గద్దలు వలస వచ్చి పచ్చిక బయళ్ళపై తక్కువ ఎత్తులో ఎగురుతాయి.

లెన్సు, వేగం, వెలుగు

50 మిల్లీమీటర్ల లెన్సుతో పోలిస్తే 500 మిల్లీమీటర్ల లెన్సులో ప్రతిబింబం పది రెట్లు పెద్దదవుతుంది. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. కనుక కొమ్మ మీద కూర్చున్న పక్షికి సైతం సెకనులో 500వ వంతు షట్టరు వేగం అవసరం. తేలియాడే గద్దకు 1,600వ వంతు, రెక్కలు ముడిచి దూకే పక్షికి 2,500వ వంతు ఉంటే మేలు.

స్పష్టత లోతు మరొక చిక్కు. పూర్తి పరిమాణపు సెన్సారు గల కెమెరాలో, 500 మిల్లీమీటర్ల లెన్సుకు 5.6 అపర్చరు ఉంచితే, 20 మీటర్ల దూరాన స్పష్టంగా కనిపించే లోతు దాదాపు అర మీటరు మాత్రమే. గద్ద రెక్కల విస్తీర్ణం దానికి రెట్టింపుకు పైగా ఉంటుంది. అందుచేత ఫోకస్ కంటి మీద నిలవాలి. కన్ను స్పష్టంగా ఉంటే రెక్క అంచు కొంత మసకబారినా చిత్రం జీవంతో ఉంటుంది.

తెల్లని ఆకాశాన్ని చూసి కెమెరా మోసపోయి పక్షిని నల్లని మరకగా మారుస్తుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాపు పెంచితే రెక్కల కింది గీతలు బయటపడతాయి. పెద్ద గద్దలు నేల వేడెక్కి గాలి పైకి లేచే వరకు ఎగరడానికి తొందరపడవు. మధ్యాహ్నమైతే ఆ వేడి గాలే చిత్రాన్ని అలలు అలలుగా చెదరగొడుతుంది. ఆ రెండింటి నడుమనున్న ఉదయపు గంటలే అనువైన సమయం. పక్షి సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది. కాబట్టి గాలి, సూర్యుడు రెండూ వెనుక ఉండేలా నిలుచుంటే అది ముఖం చూపుతూ ఎగురుతుంది.

పక్షి చెప్పే హద్దు

ఈకలు సవరించుకుంటున్న పక్షి ఆ పని ఆపి, మెడ చాచి, దేహాన్ని ముందుకు వంచిందంటే ఛాయాచిత్రకారుడు హద్దు దాటినట్లే. అప్పుడు నాలుగడుగులు వెనక్కు వేయడమే తగిన పని. కారు దిగకుండా కిటికీ మీద బియ్యపు సంచి వంటి ఆధారం ఉంచి చిత్రించేవారిని పక్షులు అంతగా పట్టించుకోవు. గూడు వద్ద మరింత జాగ్రత్త అవసరం. బెదిరిన తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి. నేల మీద నిద్రించే పిల్లి గద్దలకు సాయంత్రపు అలికిడి పెద్ద ముప్పు. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం వంటి పచ్చిక బయళ్ళలో అవి గుంపులుగా రాత్రి గడుపుతాయి.

మాంసపు ముక్క తెచ్చే ప్రమాదం

చిత్రం త్వరగా దొరకాలని కొందరు కోడిమాంసపు ముక్కలు విసిరి గద్దలను రప్పిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలో ఎర చూపడం, తరమడం, పక్షుల గూళ్ళకు ఆటంకం కలిగించడం కూడా ఉన్నాయి. అంటే తుపాకీ లేకున్నా, కెమెరా మాత్రమే చేతనున్నా, అటువంటి పని చట్టం దృష్టిలో వేట కాగలదు.

దేవనహళ్ళిలో దీనికి మరో ముఖం ఉంది. ఎరకు అలవాటు పడిన గద్ద విమాన మార్గంలో తిరుగుతూ ఇంజనులో చిక్కుకుంటే ప్రాణహాని పక్షితో ఆగదు. 1937 నాటి విమాన నియమాలలో 91వ నియమం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించేలా జంతువులను వధించడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధించింది. సమీపంలోని యలహంకలో 2023లో ఏరో ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు నగరపాలక సంస్థ 10 కిలోమీటర్ల పరిధిలో మాంసపు దుకాణాలను మూసివేయించింది. కారణం గద్దలే. దుకాణదారుడు తన బతుకుతెరువును కొన్నాళ్ళు మానుకోవలసి వచ్చిన చోట, ఒక చిత్రం కోసం మాంసం వెదజల్లడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

దూరాన ఉన్న పక్షిని దాని మానాన దానిని వదిలి చూడటానికే టెలిఫోటో లెన్సు పుట్టింది. లెన్సు చేతనుంచుకొని కూడా పక్షి మీదికి నడిచేవాడు దాని ప్రయోజనాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాడు. చిత్రం తీసి వెనుదిరిగిన తరువాత కూడా ఆ పక్షి అదే కొమ్మ మీద నిశ్చింతగా ఈకలు సవరించుకుంటూ ఉంటే, ఆ ఛాయాచిత్రకారుడు తన విద్యలో ఉత్తీర్ణుడైనట్లే.