లేవడమా, లేపడమా?

బాబ్ డిలన్ 1969లో పాడిన 'లే లేడీ లే' పాటను వ్యాకరణం ప్రకారం దిద్దితే 'లై లేడీ లై' కావాలి. కానీ లై అంటే అబద్ధమాడమని కూడా అర్థం! ఎవరూ దిద్దలేదు, పాట బతికిపోయింది. 1977లో ఎరిక్ క్లాప్టన్ 'లే డౌన్ శాలీ' అన్నాడు. 1818లోనే బైరన్ అంతటి కవి కూడా లై ఉండాల్సిన చోట లే వాడాడు.

లై అంటే తనంతట తాను పడుకోవడం. లే అంటే మరొకదాన్ని పడుకోబెట్టడం, ఎక్కడైనా పెట్టడం. కోడి గుడ్డు పెట్టినా అదే మాట. ఇంతవరకూ సులువే. చిక్కంతా భూతకాలంలో ఉంది: 'నిన్న పడుకున్నాడు' అనడానికి లై కాస్తా లే అయిపోతుంది. 'పుస్తకం బల్లమీద పెట్టాడు' అంటే మాత్రం లెయిడ్. ఫాల్, ఫెల్‌లదీ ఇదే తంతు. ఫెల్ అంటే పడ్డాడనీ అర్థం, చెట్టు నరికి పడేయమనీ అర్థం.

ఇవి పొరపాటున ఒకలా వినిపించే మాటలు కావు, ఒకే ధాతువు పిల్లలు. పాత ఇంగ్లీషుకు ముందటి దశలో క్రియకు ఒక ప్రత్యయం చేర్చి 'చేయించు' అనే అర్థం తెచ్చేవారు. ప్రత్యయం అరిగిపోయింది, దాని ప్రభావంతో మారిన అచ్చు మాత్రం మిగిలింది. సిట్ నుంచి సెట్, డ్రింక్ నుంచి డ్రెంచ్ అలా పుట్టినవే. డ్రెంచ్ అంటే ఇప్పుడు నిలువునా తడిపేయడం. అయితే పశువైద్యులు గొర్రెలకు నట్టల మందు తాగించడాన్ని నేటికీ డ్రెంచింగ్ అనే అంటారు. ఆ పాత అర్థం అక్కడ చెక్కుచెదరలేదు.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. దిగు-దించు, తిరుగు-తిప్పు, వాలు-వాల్చు అందరి నోటా నలిగేవే. పైగా మన 'ఇంచు' ఇంకా పనిచేస్తూనే ఉంది: ఎక్కించు, నడిపించు, పరుగెత్తించు. ఇంగ్లీషు ఆ పని ఏనాడో మానేసింది. మనిషి నడిచినా, కుక్కను నడిపించినా వాక్ ఒక్కటే.

రైజ్, రేజ్‌ల కథలో చిన్న మలుపుంది. రైజ్ ఇంగ్లీషు సొంత మాట, రేజ్ వైకింగుల నార్స్ భాషనుంచి వచ్చింది. ధరలు పెరిగితే రైజ్, ప్రభుత్వం పెంచితే రేజ్. జీతం పెంపును బ్రిటన్‌లో పే రైజ్ అంటారు, అమెరికాలో రేజ్ అంటారు. జీతం తనంతట తాను పెరగడం ఎవరూ చూడలేదు కాబట్టి అమెరికావాళ్ల మాటే సబబుగా తోస్తుంది.