ఆజ్ఞయు, అనురాగమును

భార్యాభర్తలిరువురును ఒకే రథమెక్కి యుద్ధభూమికి వెళ్లిన కథలు మన పురాణములలో అరుదు. నరకాసురునిపై దండెత్తినప్పుడు సత్యభామ శ్రీకృష్ణుని వెంట వెళ్లినది. వెళ్లి ఊరక చూచుచు కూర్చుండలేదు, వింటి నారి సారించినది. దేవాసుర యుద్ధములో దశరథుడు గాయపడి మూర్ఛిల్లగా కైక ఆయనను రణరంగము నుండి తప్పించి ప్రాణము కాపాడినది. ఆనాడు లభించిన రెండు వరములకు అయోధ్య యెట్టి వెల చెల్లించినదో మీరెల్లరు నెరిగినదే. ఇట్టివి విడిచినచో మన వీరుల ఇల్లాండ్రు సాధారణముగా గడప దాటరు. పల్నాటి బాలచంద్రునికి మాంచాల వీడ్కోలిచ్చి పంపినది. యుద్ధమున వెన్నిచ్చి వచ్చిన ఖడ్గతిక్కనకు భార్య మంచము చాటు పెట్టి, పసుపు ముద్ద నుంచి, స్నానమునకు నీళ్లు తోడినదని చెప్పుదురు.

వలపు ఇంటను, పోరు బయటను ఉన్నంతవరకు కథ చెప్పువానికి చిక్కు లేదు. రెండును ఒకే కప్పు క్రిందికి వచ్చినప్పుడే చిక్కు. ప్రియుడును ప్రియురాలును ఒకే దళమున కొలువు చేయుచు, ఒకరు ఆజ్ఞ యిచ్చువారును, మరియొకరు శిరసావహించువారును అయినచో నేమగును? వలచినవారిని మృత్యుముఖమునకు పంపవలసిన పని వలచినవారికే పడినచో నెట్లు? ఈ ప్రశ్నను సుమారు అరువది సంవత్సరములుగా విడువక త్రిప్పి త్రిప్పి చూచుచున్న కథావాహిని అమెరికా దేశమున నొకటి కలదు. దాని పేరు ‘స్టార్ ట్రెక్’. ఈ సాయంకాలము దానిలోని కొన్ని జంటలను గురించి ముచ్చటించెదను. ఆ కథలను చూడని శ్రోతలకు కూడ అనుకూలముగా నుండుటకై ముందు ఆ దళమెట్టిదో చెప్పవలయును.

1966 సెప్టెంబరు 8వ తేదీన ఈ కథలు అమెరికా టెలివిజన్‌లో మొదలైనవి. కల్పించినవాడు జీన్ రాడెన్‌బెరీ. ఆయన రెండవ ప్రపంచయుద్ధములో బాంబరు విమానము నడిపినవాడు. పిమ్మట లాస్ ఏంజలీస్ నగరమున పోలీసు ఉద్యోగము చేసినవాడు. కనుక హోదాల సంగతియు, ఆజ్ఞల సంగతియు ఆయన పుస్తకములు చూచి నేర్వవలసిన పని లేకపోయెను. ఫారెస్టర్ అను ఇంగ్లీషు నవలాకారుడు సృష్టించిన హార్న్‌బ్లోయర్ అను నావికావీరుని మనసున నుంచుకొని, ఆ ఓడను సముద్రము నుండి తీసి నక్షత్రముల నడుమ విడిచినాడు. కాలము ఇరువదిమూడవ శతాబ్దము. దళము పేరు స్టార్‌ఫ్లీట్, అనగా నక్షత్రనౌకాదళము. క్రొత్త లోకములను కనుగొనుట దాని ముఖ్యమైన పని; అవసరము వచ్చినప్పుడు యుద్ధమును చేయును. కెప్టెన్, కమాండర్, లెఫ్టినెంట్ అను మెట్లన్నియు నౌకాదళము నుండి తెచ్చుకొన్నవే. 1966 నాటికి అమెరికా యుద్ధనౌకలపై స్త్రీలకు కొలువు లేదు. ఆ నిషేధమును అక్కడి శాసనసభ తొలగించినది 1993లో. కథలోని ఓడ మాత్రము మొదటి దినము నుండియు స్త్రీపురుషులతో నిండియున్నది. అట్లుండుట చేతనే ఈనాడు చెప్పుకొనుటకు మనకీ విషయము దొరకినది.

మొదటి కథామాలికకు నాయకుడు కెప్టెన్ కర్క్. ఆయన ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్. ఈయనకు ఊరూర, అనగా గ్రహగ్రహమున, ఒక ప్రియురాలు. దీనిని చూచి నవ్వుట వాడుకయైనది. కాని యొక సంగతి గమనింపదగినది: ఆ ప్రియురాండ్రలో తన ఓడయందు తన క్రింద పనిచేయువారు లేరనియే చెప్పవచ్చును. 1966లోనే ప్రసారమైన యొక కథలో ఒక విచిత్ర వ్యాధి ఓడలోనివారికి అంటుకొని, దాచుకొన్న మాటలను బయటపెట్టించును. నర్సు చాపెల్ అంతవరకు మనసున నణచుకొన్న ప్రేమను స్పాక్‌కు చెప్పివేయును. కెప్టెనుకు ఆ వ్యాధి సోకగా, తనకొక చక్కని సహాయకురాలున్నను ఆమెను కన్నెత్తి చూచు హక్కు తనకు లేదనియు, ఈ ఓడ తన సర్వస్వమును తీసికొనుచున్నదనియు వాపోవును. తుదకు ఆ ఓడతోనే, నిన్ను మాత్రము పోగొట్టుకొననని పలుకును. మన కవులు రాజ్యలక్ష్మిని రాజునకు భార్యగా వర్ణించి రాణికి సవతిని కల్పించిరి. కర్క్‌కు ఓడయే అట్టి భార్య, తక్కినవారికందరికిని సవతి.

1968 నవంబరు 22వ తేదీ నాటి కథలో ఈ కర్క్ తన ఓడలోని ఉహూరా అను ఉద్యోగినిని ముద్దు పెట్టుకొనును. ఉహూరా నల్లజాతి స్త్రీ. నిషెల్ నికోల్స్ ఆ పాత్రను ధరించినది. తెల్లవారికిని నల్లవారికిని జరుగు వివాహమును నేరముగా నెంచిన రాష్ట్ర శాసనములను అమెరికా అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసి అప్పటికి ఏడాదిన్నర కూడ కాలేదు. అందుచేత ఆ ముద్దు పేరుకెక్కినది. ఐనను కథకులు జాగ్రత్తపడిరి. మనోబలము గల పరలోకవాసులు ఆ యిరువురను బొమ్మలవలె బలవంతముగా ఆడింతురు గాని, వారిరువురకును పరస్పరము వలపున్నదని కథ చెప్పదు. ఆ దృశ్యమునకు చరిత్రలో స్థానమున్నది. ప్రేమకథలలో లేదని నా యభిప్రాయము.

కథకులు కలుపని జంటలను ప్రేక్షకులే కలుపుట మరియొక వింత. కర్క్‌ను, ఆయనకు కుడిభుజమైన స్పాక్‌ను ప్రేమికులుగా భావించి, అభిమానులు తమలో తాము ప్రకటించుకొను చిన్న పత్రికలలో కథలు వ్రాయసాగిరి. అట్టి కథ మొదటిసారిగా అచ్చుపడినది 1974లో. రెండు పేర్ల నడుమ ఒక వాలుగీత గీయుట వారి ఆచారము. ఆ గీతకు ఇంగ్లీషులో గల ‘స్లాష్’ అను పేరే యీ రచనలన్నిటికిని పేరైనది. వ్రాసినవారిలో పెక్కుమంది స్త్రీలు. దీనిని తెలివిమాలిన పనిగా కొట్టివేయుట నాకిష్టము కాదు. వాల్మీకి పలుకరింపక విడిచిన ఊర్మిళను మన యాడువారు పాటలో నిదురింపజేసి, లక్ష్మణుడు తిరిగివచ్చిన పిమ్మట మేలుకొలిపిరి గదా! కావ్యము మరచినదానిని వినువారు పూరించుకొనుట ఏ దేశమునకును క్రొత్త కాదు. ఆ కాలపు కథలలో స్త్రీపాత్రలకు ఓడను నడపు అధికారము లేదు. సరిసమానులై, ఒకరికొరకు మరియొకరు ప్రాణమొడ్డు జంట కావలెననిన, ఆ పాఠకురాండ్రకు ఆ ఓడలో దొరకినవారు ఈ యిరువురే. తరువాత 2017లో మొదలైన ‘డిస్కవరీ’ మాలికలో కథకులే ఇద్దరు పురుషులను, ఒక శాస్త్రజ్ఞుని, ఒక వైద్యుని, ఒకే ఓడలో కొలువు చేయు దంపతులుగా చూపిరి. అట్టివారు తమ సంగతి దాచుకొనక అమెరికా సైన్యములలో పనిచేయుటకు వీలు కలిగినది 2011లోనే.

1987లో ప్రారంభమైన రెండవ మాలికలో రైకర్, ట్రాయ్ అను జంట యున్నది. వీరు పూర్వము ప్రేమికులు. రైకర్ ప్రేమకంటె పదోన్నతిని కోరుకొని వెళ్లిపోయెను; విధివశమున ఇరువురును మరల ఒకే ఓడలో కొలువు చేయవలసివచ్చెను. వారి పెండ్లి 2002 నాటి చలనచిత్రములో గాని జరుగలేదు. ఈ నడుమ 1993లో వచ్చిన కథ యొకటి చమత్కారమైనది. యంత్రదోషముచేత రైకర్ ఎనిమిదేండ్ల క్రిందట ఇరువురై, ఒకడు ఓడకు చేరుకొనగా, రెండవవాడు నిర్జన గ్రహముననే చిక్కుపడి యుండెను. ఆ రెండవవానికి పదోన్నతియు లేదు, ట్రాయ్‌ను మరచుటకు అవకాశమును లేదు. వాడు బయటపడి వచ్చి ఆమె యెదుట నిలుచును. ఉద్యోగము ఒకని హృదయమునుండి ఏమి తీసికొన్నదో చూపుటకు ఉద్యోగము లేని అతనినే ప్రక్కన నిలిపినారు. తుదకు వాడు వేరొక ఓడపై కొలువునకు వెళ్లును. ఆ ఓడ పేరు ‘గాంధీ’. అహింసామూర్తి పేరు ఫిరంగులున్న ఓడకు పెట్టినవారి యుద్దేశ్యమేమో గాని, విన్నప్పుడు నాకు నవ్వును గౌరవమును ఒకమారే కలిగినవి.

ఇక అసలు చిక్కు. అదే ఓడకు కెప్టెన్ పికార్డ్. మితభాషి, ఏకాంతప్రియుడు, వేణువు వాయించును. 1993లో ప్రసారమైన ‘లెసన్స్’ అను కథలో నక్షత్రశాస్త్ర శాఖకు అధికారిణిగా డారెన్ అను స్త్రీ ఓడకు వచ్చును. ఆమెకు పియానో విద్య వచ్చును. మరమ్మతుల కొరకు ఏర్పరచిన ఇరుకు గొట్టపు దారిలో ఒకచోట నాదము మిక్కిలి చక్కగా పలుకునని కనిపెట్టి, ఆమె కెప్టెనును అక్కడికి తీసికొనిపోవును. మోకాళ్లు ముడుచుకొని కూర్చుండి యిరువురును వాయింతురు. ఇంతవరకు శృంగారమే. కాని మరునాడు ఆమె తన శాఖకు అదనపు సాయము కావలెనని అడిగినప్పుడు, ఉపనాయకుడైన రైకర్ ఇబ్బంది పడును: ఇచ్చిన పక్షపాతమందురు, కాదన్న కెప్టెన్ ఏమనుకొనునో! ఇరువురి వలపు మూడవవాని బల్లమీదికి వచ్చి కూర్చున్నది. ఇట్టి చిన్న సంగతిని విడువకపోవుటయే ఆ కథ గొప్పదనము.

తరువాత ఒక వలసగ్రహమును అగ్నితుపాను చుట్టుముట్టును. దానిని తాత్కాలికముగా నడ్డగించు యంత్రముల వద్ద నిలువవలసినవారిలో అందరికంటె సమర్థురాలు డారెన్. పికార్డ్ ఆమెను పంపక తప్పదు, పంపును. వలసవారు రక్షింపబడుదురు గాని, దళమువారిలో కొందరు తిరిగిరారు. ఆమెయు మరణించినదనియే ఆయన కొంతసేపు భావించును. ఆమె బ్రతికి వచ్చును. అప్పుడాయన ఒప్పుకొను మాట యిది: నిన్ను ఇంకొకసారి అట్లు పంపజాలను. ఆమె వేరొక ఓడకు బదిలీ కోరుకొనును. విడిపోవుటకు తండ్రి కోపము గాని, కులము గాని, సవతి గాని కారణము కాదు. ఇంకొకసారి సంతకము చేయలేని చేయి కారణము. పరస్పరము లేఖలు వ్రాసికొందమనియు, సెలవులలో కలిసికొందమనియు చెప్పుకొందురు. తరువాతి కథలలో ఆమె కనబడదు.

పికార్డ్ చేయనని తప్పించుకొన్న పనిని వేరొకడు చేయవలసివచ్చెను. ‘డీప్ స్పేస్ నైన్’ అను మూడవ మాలికలో వార్ఫ్, జాడ్జియా దంపతులు. వార్ఫ్ క్లింగాన్ అను యోధజాతివాడు. మానము కొరకు ప్రాణమిచ్చు స్వభావము. జాడ్జియా శాస్త్రజ్ఞురాలు, హాస్యప్రియ. వీరి వివాహము 1997లో జరిగిన కొలదినెలలకు, 1998లో, యుద్ధము మధ్య నొక పని వీరిరువురకు అప్పగింపబడును. శత్రుపక్షములో ఉండి రహస్యములు అందించుచున్న యొక గూఢచారిని అడవిలో కలిసికొని, క్షేమముగా తీసికొని రావలెను. త్రోవలో జాడ్జియాకు దెబ్బ తగులును. శత్రువుల ఆయుధములో రక్తము గడ్డకట్టకుండ చేయు మందున్నది. ఆమె నడువలేదు. నీవు పొమ్మని ఆమెయే చెప్పును. వార్ఫ్ ఆమెను చెట్ల నడుమ విడిచి కొంతదూరము పోవును. ఆగును. వెనుకకు తిరిగి వచ్చును.

ఆమె బ్రతికినది. గూఢచారి చంపబడెను. వానితో పోయిన సమాచారము లక్షల ప్రాణములను కాపాడియుండెడిదని అధికారియైన సిస్కో నిర్మొగమాటముగా చెప్పును. బహిరంగ విచారణ జరిపిన రహస్యములు పొక్కును గనుక విచారణ లేదు. కాని ఈ సంగతి వార్ఫ్ పేరిట నిలిచియుండును. ఇకపై అతనికి సొంత ఓడ నిచ్చుట దుర్లభము. భార్యాభర్తలిరువురను జంటగా ఎక్కడికిని పంపరు. ఇది అధికారి తీర్పు. పిమ్మట సిస్కో అధికారిగా గాక మనుష్యునిగా మాటాడి, తన భార్య జెన్నిఫర్ అయినచో తానును ఆమెను విడిచిపోయెడివాడను కానని చెప్పును. ఆ మాటకు వెనుక నొక చితి యున్నది: తాను ఉపనాయకుడుగా నున్న ఓడ యుద్ధమున కాలిపోవుచుండగా, భార్య దేహమును అందులోనే విడిచి రావలసినవాడు సిస్కో.

ఈ తీర్పు న్యాయమా? ఇన్ని కథలలో నాకిదియే నిజమనిపించుటకు కారణము, కథకులు ఎవరిని దోషిగా నిలుపకపోవుటయే గాక, చచ్చినవాని లెక్కను కూడ మరువకపోవుట. ఆ గూఢచారి మనకు నచ్చునట్టివాడు కాడు. నచ్చనివాని ప్రాణమును తూకములో వేసినందుననే తూకము సరిగా నున్నది.

ఆ సంవత్సరముననే, జూన్ నెలలో ప్రసారమైన కథలో, జాడ్జియా మరణించినది. వార్ఫ్ అప్పుడు దూరమున యుద్ధములో నున్నాడు. ఆమె చనిపోయినది పోరాటమున కాదు, ఒక దేవమందిరములో దుర్మార్గుడొకడు కొట్టిన దెబ్బకు. క్లింగానులకు కూడ మనవలెనే వీరస్వర్గమను నమ్మకమున్నది. యుద్ధమున కూలనివారికి దాని తలుపులు తెరువబడవు. కనుక ఆమెకు ఆ తలుపులు తెరిపించుటకై, ఆమె పేరిట నొక ఘనవిజయమును సాధింపవలెనని వార్ఫ్ మిక్కిలి అపాయకరమైన పనికి పూనుకొనును. శత్రువుల నౌకానిర్మాణ స్థలమును నాశనము చేయుట ఆ పని. ఆ ప్రయాణమున అతని వెంట ఓడ యెక్కినవారిలో వైద్యుడు బషీరును, వర్తకుడు క్వార్కును గలరు. వారిరువురును జాడ్జియాను ఒకప్పుడు వలచినవారే.